టీవీలో మోడల్‌కి ఒంటికి అతికినట్టున్న కుర్తీ మన దగ్గరికొచ్చేసరికి ఎందుకలా ఉంటుంది?

మీరు అడిగింది ఇదీ: టీవీ షాపింగ్‌లో చూసి ఎల్ సైజు కుర్తీ తెప్పించుకున్నారు. ఛాతీ దగ్గర సరిపోయింది కానీ చేతులు పట్టేస్తున్నాయి, నడుము దగ్గర గోనెసంచిలా వేలాడుతోంది, పొడవు చీలమండల దాకా వచ్చింది. మోడల్‌కి మాత్రం ఒంటికి అతికినట్టుంది. "తప్పు నా ఒంటిదేనా?" అన్నారు.

కాదండీ. ముందు ఆ ఆలోచన మానేయండి. చెన్నైలో వడపళని, సాలిగ్రామం వైపు స్టూడియోల్లో నేను కాస్ట్యూమ్స్ పని చేశాను. టెలిషాపింగ్ ప్రోగ్రాములకి, తెలుగుకీ తమిళానికీ కూడా, మోడల్స్‌కి బట్టలు తొడిగి కెమెరా ముందుకి పంపడం నా పని. అందుకని ఈ విషయం గట్టిగా చెప్పగలను: మీరు టీవీలో చూసింది ఆ కుర్తీ ముందు భాగం ఒక్కటే.

అమ్మేవాళ్ల దగ్గర్నుంచి స్టూడియోకి మూట వస్తుంది. ఒకే డిజైను, ఐదారు రంగులు, అన్నీ ఒకే సైజు. ఎక్కువసార్లు ఎమ్, అప్పుడప్పుడూ ఎల్. మోడలేమో సన్నగా, పొడుగ్గా ఉంటుంది. ఆ అమ్మాయికి ఎమ్ తొడిగితే భుజాలు జారిపోతాయి. కుట్టు విప్పి సరిచేసే టైము ఉండదు, పైగా షూటింగ్ అయ్యాక పీసు వెనక్కిచ్చెయ్యాలి. అందుకని వీపు మధ్యలో గుడ్డని వెనక్కి లాగి మడత పెట్టి, ఆఫీసుల్లో కాగితాల కట్టలకి పెట్టే నల్ల క్లిప్పులు పై నుంచి కిందికి వరసగా బిగిస్తాం. భుజం దగ్గర లోపలి నుంచి పిన్నీసు. చంక కింద గుడ్డ ఉబ్బుతుంటే సూదీదారంతో ఒక టాకా. స్టీమర్‌తో ముడతలు పోగొట్టి, "పక్కకి తిరుగు చాలు, పూర్తిగా తిరగకు" అని చెప్పి పంపిస్తాం. వెనక వైపు కూడా చూపించాల్సొస్తే జుట్టు విరబోయిస్తాం, లేదా దుపట్టా కప్పుతాం.

ఇందులో మోసం చేద్దామనే ఆలోచన అన్నిసార్లూ ఉండదు. వచ్చిన ఒక్క సైజుతో, ఉన్న మోడల్‌తో, ప్రోగ్రాముకిచ్చిన టైములోపు పని కానివ్వాలి. కానీ అవతల చూస్తున్న మనిషికి ఈ సంగతి చెప్పరు, అదే నాకు నచ్చని విషయం. ఏ ఒంగోల్లోనో చీటీ డబ్బుల్లోంచి పక్కన పెట్టి ఆర్డరిచ్చిన ఆవిడ, ప్యాకెట్ విప్పి అద్దం ముందు నిలబడి తనని తానే తిట్టుకుంటుంది. మోడల్ ఎత్తెంత, వేసుకున్నది ఏ సైజు, వెనక పిన్ను పెట్టారా లేదా అన్న మూడు ముక్కలు యాంకర్ చెబితే చాలు కదా.

ఎత్తు చాలా పెద్ద విషయం. అయిదడుగుల ఏడంగుళాల మోడల్‌కి 46 అంగుళాల కుర్తీ పిక్కల సగానికి వస్తుంది. అదే కుర్తీ అయిదడుగుల మనిషికి దాదాపు చీలమండని తాకుతుంది. మీకు జరిగింది ఇదే.

ఇక చేతుల సంగతి. కుర్తీ ప్యాటర్న్‌ని, అంటే గుడ్డ కత్తిరించే నమూనాని, ముందు ఒక సైజుకే, ఎక్కువగా ఎమ్‌కి, తయారుచేస్తారు. బట్టలు తొడిగే బొమ్మ మీదో, ఆ పనికే పెట్టుకున్న ఒక మోడల్ మీదో సరిచూస్తారు. మిగతా సైజులన్నీ దాన్నుంచి లెక్క ప్రకారం పెంచుకుంటూ, తగ్గించుకుంటూ పోవడమే. దీన్నే గ్రేడింగ్ అంటారు. సైజుకి చుట్టుకొలత మామూలుగా రెండేసి అంగుళాలు మారుతుంది. కానీ మన ఒళ్లు లెక్క ప్రకారం పెరగదు. ఒకరికి జబ్బల్లో, ఒకరికి పొట్ట దగ్గర, ఒకరికి తుంటి దగ్గర. ప్యాటర్న్ ఏ ఒంటి మీద పుట్టిందో, దాని పోలిక ఉన్నవాళ్లకే అన్ని చోట్లా కుదురుతుంది. పైగా మన దగ్గర వాడే సైజు పట్టికలు చాలావరకు బయటి దేశాలవే, కాస్త అటూ ఇటూ సర్దినవి. అందుకే నిఫ్ట్ (జాతీయ ఫ్యాషన్ టెక్నాలజీ సంస్థ) వాళ్లు ఇండియాసైజ్ పేరుతో ఆరు నగరాల్లో 25,000 మందిని 3డీ స్కానర్లతో కొలిచే పని పెట్టుకున్నారు. అది దుకాణాల్లో ట్యాగుల మీదికి చేరితే నాకంటే సంతోషించేవాళ్లు ఉండరు.

సైజులు, కొలతలు ఉన్నదున్నట్టు చెప్పడం టీవీలో కుదరని పని అనుకోకండి. అమెరికాలో 1986లో మొదలైన క్యూవీసీ అనే షాపింగ్ ఛానెల్లో ఒకే టాప్‌ని వేర్వేరు ఒళ్లున్న మోడల్స్ వేసుకుని వరసగా నిలబడతారు. ఏ అమ్మాయి ఏ సైజులో ఉందో యాంకర్ చెబుతుంది, పొడవు అంగుళాల్లో చెబుతుంది, పొట్టివాళ్లకి పెటీట్, లావుగా ఉన్నవాళ్లకి ప్లస్ అని విడిగా కొలతలిస్తారు. మన దగ్గర కూడా ఒకసారి ఒక ప్రొడ్యూసర్‌గారు ఒప్పుకుని, వడపళనిలోనే ఉండే ఒక గృహిణికి డబుల్ ఎక్సెల్ తొడిగి కూర్చోబెట్టారు. నేను ఒక్క పిన్ను కూడా పెట్టలేదు. ఆవిడ చేతులెత్తింది, తిరిగి వీపు చూపించింది, కుర్చీలో కూర్చుంది. కూర్చోగానే తుంటి దగ్గర గుడ్డ లాగింది. కెమెరా పక్కకి తిప్పకుండా యాంకర్ ఉన్నదున్నట్టు చెప్పేసింది: "కూర్చుంటే పట్టేస్తోందండీ, తుంటి దగ్గర ఒళ్లున్నవాళ్లు ఒక సైజు పెద్దది తీసుకోండి." ఫోన్లు చేసినవాళ్లు "ఆ అక్క వేసుకున్నదే కావాలి" అని అడిగారు. స్టూడియోలో ఎవరూ అలా జరుగుతుందని అనుకోలేదు. నేను అనుకున్నాను.

చీరకి ఫిట్ గొడవ లేదంటారు గానీ అక్కడా ఉంది. మామూలు చీర అయిదున్నర మీటర్లు, జాకెట్టు ముక్కతో కలిపి 6.3 మీటర్లు. సన్న నడుము మోడల్‌కి ఏడెనిమిది కుచ్చిళ్లు నిండుగా వస్తాయి. తుంటి వెడల్పుగా ఉంటే అదే చీరలో నాలుగైదుకి మించవు. కొనేముందు పొడవు అడగండి. రంగు గురించి ఒక్క మాట: స్టూడియో లైట్ల కింద మెరూన్ ఎరుపులా కనిపించొచ్చు, శాటిన్ ఉన్నదానికంటే రెట్టింపు మెరుస్తుంది.

ఈసారి ఆర్డరిచ్చేముందు మీకు బాగా కుదిరిన పాత కుర్తీ ఒకటి మంచం మీద పరిచి టేపు పెట్టండి. చంక నుంచి చంకకి, నడుము, తుంటి, జబ్బ దగ్గర చెయ్యి వెడల్పు, పొడవు. ఫోన్లో "ఎల్ ఉందా" అని కాకుండా "ఎల్‌లో చెయ్యి వెడల్పెంత, పొడవెంత" అని అడగండి. ఒక విషయం తప్పకుండా తేల్చుకోండి: ఛాతీకి వాళ్లు 40 అంగుళాలు అంటే అది ఒంటి కొలతా, కుర్తీ కొలతా? సాగని గుడ్డకి ఒంటి కంటే రెండు నుంచి నాలుగు అంగుళాల వదులుండాలి. ఒంటి కొలత అనుకుని కుర్తీ కొలత తీసుకుంటే ఊపిరాడదు.

చూపించింది ఒకటి, పంపింది ఒకటి అయితే ఊరుకోవద్దు. 2019 వినియోగదారుల రక్షణ చట్టంలో టెలిషాపింగ్‌లో కొన్నవాళ్లు కూడా వినియోగదారులేనని స్పష్టంగా రాసి ఉంది. ట్యాగ్ తీసేయకుండా, బిల్లు, ప్రోగ్రాం టీవీలో వస్తున్నప్పుడు తీసిన ఫోటో దగ్గరుంచుకుని ముందు కంపెనీకి, వాళ్లు పలకకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి.

వాపసుకి గడువు దాటిపోయి ఉంటే ఆ కుర్తీని మూలన పడేయకండి. పొడవు ఎలాగూ ఎక్కువైంది కాబట్టి, కింద అంచు నుంచి ఒక పట్టీ కత్తిరించి, దాంట్లోంచి ముక్కలు తీసి చంక కింద చేతికీ పక్క కుట్టుకీ మధ్య వేయించండి. నడుము దగ్గర పక్క కుట్లు లోపలికి తీసుకుంటే సరిపోతుంది. టీ నగర్‌లో ఆల్టరేషన్ చేసే ఏ టైలర్‌కైనా, మీ ఊళ్లో మీ టైలర్‌కైనా ఇది తెలిసిన పనే. ఆ ముక్కని మాత్రం క్రాస్‌గా కత్తిరించమని చెప్పండి, చెయ్యెత్తినప్పుడు కాస్త సాగుతుంది.