సముద్రపు గాలికి తలుపుల గడియలు, బందులు పాడవకుండా ఏం చేయాలి?

ఒడిశా సముద్రతీరంలోని గోపాల్‌పూర్‌లో తమ ఇంటి ఇత్తడి గడియలు నల్లబడుతున్నాయి, బందులు తుప్పు పడుతున్నాయి, ఏం చేయాలని ఒకరు అడిగారు. అక్కడి గాలిలోని ఉప్పు లోహం మీద పేరుకుని తడిని పట్టి ఉంచుతుంది. అందుకే వారానికోసారి మంచినీళ్లలో పిండిన గుడ్డతో తుడిచి, వెంటనే పొడిగుడ్డతో తడి తీసేయండి. అన్నిటికన్నా ముఖ్యమైన పని ఇదే.

నలుపు వదిలించే ముందు అయస్కాంతం పెట్టి చూడండి. అంటుకుంటే అది పూత వేసిన ఇనుము. అంటుకోకపోతే వెనకవైపు కొద్దిగా గీయండి, లోపల తెల్లగా ఉంటే జింకు. ఈ రెంటినీ చింతపండుతో తోమకండి, పూత లేచిపోతుంది. అసలు ఇత్తడికైతే చింతపండు గుజ్జు రెండు నిమిషాలు చాలు. పులుపు మిగిలితే త్వరగా మళ్లీ నల్లబడుతుంది కాబట్టి బాగా కడిగి, పూర్తిగా ఆరాక క్లియర్ లాకర్ (రంగులేని వార్నిష్ లాంటి పూత) పలచగా రెండుసార్లు పూయండి.

చాలామంది పట్టించుకోనివి స్క్రూలు. ఇత్తడి బందుకు ఇనుప స్క్రూ వేస్తే, ఉప్పుతడి తగిలి ఆ ఇనుము మామూలు కంటే వేగంగా తుప్పు పడుతుంది. ఇత్తడికి ఇత్తడి స్క్రూలే బిగించండి. స్టెయిన్‌లెస్ స్టీలు కొనేటట్టయితే అందులోని రకాల్లో 304 కన్నా 316 ఉప్పుగాలికి మేలు, ఖరీదు ఎక్కువైనా సరే.

బందులకు రెండు చుక్కల కుట్టుమిషను నూనె. కొబ్బరినూనె వద్దు, జిగురెక్కి దుమ్ము పడుతుంది. తాళం లోపలికి నూనెలేని టెఫ్లాన్ (PTFE) స్ప్రే.