పిప్ ఎక్కించానంటుంది, పైథాన్ లేదంటుంది

ప్రశ్న: డిగ్రీ చదువుతూ సొంతంగా పైథాన్ నేర్చుకుంటున్నాను. విండోస్ లాప్‌టాప్‌లో ప్యాకేజీలను (సిద్ధంగా ఉన్న కోడ్‌ను) ఎక్కించే పిప్ ద్వారా, డేటా విశ్లేషణకు వాడే పాండాస్ ప్యాకేజీని ఇన్‌స్టాల్ చేస్తే పని పూర్తయినట్లు సందేశం వచ్చింది. ప్రోగ్రామ్ నడిపితే మాత్రం ‘మాడ్యూల్ నాట్ ఫౌండ్’ అంటోంది. రెండుసార్లు తీసేసి మళ్లీ ఎక్కించినా ఫలితం లేదు. ఏం చేయాలి?
– ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: మీ లాప్‌టాప్‌లో ఒకటికి మించిన పైథాన్‌లు ఉండే అవకాశమే ఎక్కువ. పైథాన్ వెబ్‌సైటు నుంచి దించుకున్నది ఒకటి, మైక్రోసాఫ్ట్ స్టోర్ నుంచి వచ్చినది మరొకటి, పైథాన్‌నూ ప్యాకేజీలనూ కలిపి ఇచ్చే అనకొండాతో పాటు చేరినది ఇంకొకటి – ఇలా మనకు తెలియకుండానే పోగవుతుంటాయి. ప్రతిదానికీ ప్యాకేజీలు దాచుకునే ఫోల్డర్ వేరుగా ఉంటుంది కనుక ఒకదానిలో ఎక్కించినది మరొకదానికి కనిపించదు. మీ పిప్ ఒక పైథాన్‌కు చెందినదై, మీరు ప్రోగ్రామ్ రాసే ఎడిటర్ ఇంకో పైథాన్‌తో ప్రోగ్రామ్‌ను నడుపుతుంటే, ఆ రెండు సందేశాలూ నిజమే అవుతాయి. తీసేసి మళ్లీ ఎక్కించడం అందరమూ చేసే పనే కానీ, ప్యాకేజీ తిరిగి అదే చోటికి చేరుతుంది.

ముందుగా నిర్ధారించుకోండి. ప్రోగ్రామ్‌లో ‘సిస్’ మాడ్యూల్‌ను ఇంపోర్ట్ చేసి, అందులోని ‘ఎగ్జిక్యూటబుల్’ విలువను ప్రింట్ చేస్తే ఏ పైథాన్ నడుస్తోందో దాని పూర్తి చిరునామా తెలుస్తుంది. టెర్మినల్‌లో (కమాండ్లు టైప్ చేసే విండోలో) పిప్‌ను వెర్షన్ అడిగితే, అది ఏ ఫోల్డర్‌లో ఉన్నదీ అదే పంక్తిలో చూపిస్తుంది. రెండూ వేర్వేరు చోట్లయితే, ప్రోగ్రామ్ చూపిన పైథాన్ చిరునామాను కొటేషన్ గుర్తుల మధ్య రాసి, దాని తరువాత ‘-ఎం పిప్ ఇన్‌స్టాల్ పాండాస్’ అని ఇవ్వండి (పవర్‌షెల్‌లో అయితే ముందు ‘&’ గుర్తు పెట్టాలి). అప్పుడు ప్యాకేజీ సరిగ్గా ఆ పైథాన్‌కే చేరుతుంది.

ప్యాకేజీ పేరూ ఇంపోర్ట్ పేరూ ఒకటే కానవసరం లేదన్నది కూడా గుర్తుంచుకోండి: పిల్లో ప్యాకేజీని ‘పిల్’ అనీ, ఓపెన్‌సీవీని ‘సీవీ2’ అనీ ఇంపోర్ట్ చేయాలి.

ప్రశ్న: ఉబుంటు లినక్స్‌లో పిప్ వాడబోతే ‘ఎక్స్‌టర్నల్లీ మేనేజ్డ్’ అంటూ ఆగిపోతోంది. ఎందుకు?
– ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: ఉబుంటు తన సొంత పనులకు కూడా తనతో పాటు వచ్చే పైథాన్‌నే వాడుకుంటుంది, పిప్ అందులో మార్పులు చేస్తే అవి దెబ్బతినవచ్చు కాబట్టి 23.04 వెర్షన్ నుంచి అడ్డుకట్ట వేశారు. దాన్ని దాటవేసే ఆప్షన్ ఒకటి ఆ సందేశంలోనే కనిపిస్తుంది కానీ, నేర్చుకునే దశలో దాని జోలికి వెళ్లవద్దని నా సలహా. పైథాన్ 3.3 నుంచి ఉన్న ‘వెన్వ్’తో మీ ప్రాజెక్టుకు ప్రత్యేకమైన వాతావరణం (ప్యాకేజీలు విడిగా ఉంచుకునే చోటు) సృష్టించుకుని, దాన్ని యాక్టివేట్ చేశాకే పిప్ వాడండి. వెన్వ్ లేదని ఉబుంటు చెబితే, ‘పైథాన్3-వెన్వ్’ను ముందుగా ఉబుంటు సొంత ఇన్‌స్టాలర్ ఆప్ట్‌తో ఎక్కించుకోవాలి.