వయొలిన్ కర్ణాటక సంగీతంలో ఎలా కుదురుకుంది?
పాశ్చాత్య వాద్యమైన వయొలిన్ మన కచేరీల్లోకి ఎలా వచ్చిందన్న ప్రశ్నకు జవాబు ఈస్టిండియా కంపెనీ కాలంనాటి చెన్నపట్నంలో దొరుకుతుంది. వాగ్గేయకారుడు ముత్తుస్వామి దీక్షితుల తమ్ముడు బాలుస్వామి దీక్షితులు అక్కడ ఒక ఐరోపా వాద్యకారుడి దగ్గర దీన్ని అభ్యసించి, మన సంగీతానికి అనువుగా మలిచారు. తంజావూరుకు చెందిన వయొలిన్ విద్వాంసుడు వడివేలు పాండిత్యానికి మెచ్చి, 1834లో తిరువాంకూరు మహారాజు స్వాతి తిరునాళ్ దంతపు వయొలిన్ బహూకరించారు.

అసలు విశేషం మాత్రం పట్టుకునే తీరులో ఉంది. నేలపై కూర్చుని, వాద్యం తలను కుడి పాదంపై ఆనించి, రెండో కొసను ఛాతీకి చేర్చడం వల్ల ఎడమచేతికి బరువు మోసే పని తప్పుతుంది. అందుకే వేళ్లు తీగపై స్వేచ్ఛగా జారుతూ గాత్రంలోని గమకాన్ని, అంటే స్వరాన్ని ఊపుతూ, జారుస్తూ పలికే తీరును, అచ్చంగా పలికించగలవు. తీగలను కూడా షడ్జ పంచమాలకే (స, ప స్వరాలకే) శ్రుతి చేస్తారు. పక్కవాద్యంగానే చూసిన దీన్ని ఏకవాద్య కచేరీగా నిలబెట్టినవారిలో విజయనగరానికి చెందిన ద్వారం వెంకటస్వామి నాయుడు గారిని ముందుగా చెప్పుకోవాలి.