చెట్టినాడుకు వెళ్ళబోతున్న అమ్మాయికి పెదనాన్న ఉత్తరం

చిరంజీవి సౌభాగ్యవతి అమ్మాయికి పెదనాన్న ఆశీస్సులు.

మదురై, రామేశ్వరం యాత్ర మధ్యలో ఒక పూట కారైకుడిలో ఆగి చెట్టినాడు భవనాలు చూడాలనుకుంటున్నామనీ, ఏమేమి చూడాలో రాసి పంపమనీ అడిగావు. ఆ ఒక్క పూటను రెండు రాత్రుల బసగా మార్చుకోమన్నదే నా మొదటి సలహా. రెండు రాత్రులు కుదరకపోతే ఈసారికి ఆ ప్రాంతాన్ని వదిలేసి, మరోసారి దానికోసమే బయలుదేరండి. పూటలో ముగించాలనుకుంటే బర్మా టేకు స్తంభాలు, రంగుటద్దాలు, నేలమీది పూల పలకలు కనిపిస్తాయి గాని, ఆ ఇళ్ళకూ చుట్టూ ఉన్న గుళ్ళకూ గల సంబంధం మాత్రం తెలియదు. ఆ సంబంధం తెలిసినప్పుడే అక్కడ చూసే ప్రతిదానికీ అర్థం ఏర్పడుతుంది.

చెట్టినాడు అనేది ఒక ఊరు కాదు. తమిళనాడులోని శివగంగ, పుదుక్కోట్టై జిల్లాల్లో, కారైకుడి చుట్టూ డెబ్భైకి పైగా పల్లెలుగా, చిన్న పట్టణాలుగా పరచుకున్న ప్రాంతం. యునెస్కో ప్రపంచ వారసత్వ స్థలాల తాత్కాలిక జాబితాలోకి 2014లో ఎక్కినప్పుడు కూడా అది తమిళ వర్తకుల గ్రామ సముదాయంగానే ఎక్కింది. ఆ వర్తకులను లోకం నాటుకోటై చెట్టియార్లు అంటుంది. వారు తమను నగరత్తార్లని చెప్పుకుంటారు. మీ అత్తగారికి నాటుకోటై అన్న పేరు కొత్త కాదు. కాశీలో మనవాళ్ళు ఎందరో బస చేసే నాటుకోట్ల సత్రం వీరిదే. విశ్వనాథుని పూజకు నిత్యం ద్రవ్యాలు తీసుకువెళ్ళే సేవను ఆ సత్రం తరతరాలుగా నడుపుతోంది. మన శ్రీకాళహస్తి ఆలయానికి ఇరవయ్యో శతాబ్దపు తొలి సంవత్సరాల్లో పెద్దయెత్తున జీర్ణోద్ధరణ చేయించినవారు కూడా ఈ ప్రాంతపు దేవకోటై ఊరి చెట్టియార్లే. ఈ రెండు సంగతులూ ఆవిడకు ముందే చెప్పి ఉంచు. ప్రయాణం మీద ఆసక్తి దానంతట అదే కలుగుతుంది.

నగరత్తార్లకు తొమ్మిది వంశాలయాలున్నాయి: ఇళైయాత్తంగుడి, మాత్తూర్, వైరవన్‌పట్టి, ఇరణియూర్, పిళ్ళైయార్‌పట్టి, నేమం, ఇలుప్పైకుడి, సూరక్కుడి, వేలంగుడి. మనకు గోత్రం ఎలాగో వారికి ఆలయం అలాగ: ఒకే ఆలయానికి చెందినవారు అన్నదమ్ములవుతారు కనుక సాధారణంగా వారిలో వారికి పెళ్ళి సంబంధాలు కలవవు. పెళ్ళి జరిగేటప్పుడు ఆలయం నుంచి పూలమాల రావాలి; పెళ్ళయిన జంట ఆ ఆలయపు లెక్కలో ఒక ‘పుళ్ళి’గా చేరుతుంది, ఆలయానికి ఇచ్చే చందాలన్నీ ఆ పుళ్ళి లెక్కమీదే నడుస్తాయి. ఇప్పుడు ఆ ఇళ్ళలోకి అడుగుపెట్టి చూడండి. నడవా చుట్టూ వరుసగా చిన్న చిన్న గదులుంటాయి. ఒక్కొక్క గది పెళ్ళయిన ఒక్కొక్క కొడుకు సంసారానిది. వండుకోవడం కూడా చాలా ఇళ్ళలో వేరువేరుగానే ఉండేది. గుడిలో పుళ్ళిగా రాసుకున్నదే ఇంట్లో గదిగా కట్టుకున్నారు. అందుకే ముందు గుడికి వెళ్ళి, తరువాత ఇల్లు చూడమంటున్నాను.

ఈ క్రమం వీలు దృష్ట్యా కూడా మంచిది. అక్కడి ఆలయాలు మధ్యాహ్నం మూసి సాయంత్రం నాలుగింటి ప్రాంతాన మళ్ళీ తెరుస్తారు. కాబట్టి తెల్లవారగానే గుడి, ఎండ ముదిరిన వేళకు ఇల్లు, చల్లబడ్డాక మళ్ళీ గుడి అని పెట్టుకోండి.

మొదటిరోజు పొద్దున్నే పిళ్ళైయార్‌పట్టికి వెళ్ళండి. కొండను తొలిచిన పాండ్యుల కాలపు గుహాలయంలో, ఆ రాతిలోనే మలిచిన వినాయకుడు ఉత్తరముఖంగా, రెండే చేతులతో, కుడివైపు తిరిగిన తొండంతో ఉంటాడు. నాలుగు చేతుల గణపతికి అలవాటుపడిన మన కళ్ళకు ఆ మూర్తి ఎంత పాతదో అర్థమవడానికి కాస్త నిదానంగా నిలబడాలి. జనం తక్కువగా ఉన్న తొలివేళలోనే అది సాధ్యం. అక్కడినుంచి కున్రక్కుడి దగ్గరే. కొండమీద షణ్ముఖనాథుడు, కొండ అడుగున గుహాలయాలు. మెట్లు ఎక్కాలి కనుక మీ అత్తగారి మోకాళ్ళను చూసుకుని నిర్ణయించుకోండి. ఆవిడ కింద గుహాలయాల దగ్గర కూర్చున్నా వెలితేమీ ఉండదు. సాయంత్రానికి వైరవన్‌పట్టి ఉంచుకోండి. యాత్రికుల రద్దీ పిళ్ళైయార్‌పట్టికే ఎక్కువగాని, నగరత్తార్లు శిల్పులచేత ఎంత శ్రద్ధగా పని చేయించారో చూడాలంటే భైరవుడు వెలసిన ఈ గుడికే వెళ్ళాలి. ఓపిక మిగిలితే ఇరణియూర్ కూడా ఆ చాయలలోనే ఉంది. హిరణ్యకశిపుణ్ణి చంపిన నరసింహుడు అక్కడ శివుణ్ణి కొలిచి శాంతించాడని స్థలపురాణం. అహోబిలం చూసినవాళ్ళం కనుక ఆ కథ మనకు దగ్గరగా తోస్తుంది.

రెండోరోజు కానాడుకాత్తాన్, ఆత్తంగుడి, తిరుమయం. అణ్ణామలై విశ్వవిద్యాలయాన్ని 1929లో స్థాపించిన రాజా సర్ అణ్ణామలై చెట్టియార్ వంశంవారి చెట్టినాడు ప్యాలెస్ కానాడుకాత్తాన్‌లోనే ఉంది. లోపలికి అనుమతి దొరకకపోవచ్చు. దానికి చిన్నబోకుండా ఆ వీధులన్నీ నడిచి చూడండి. ఒక వీధిలో సింహద్వారం, దాని వెనుక వీధిలో పెరటి గుమ్మం. అంటే ఇల్లు రెండు వీధుల మధ్య మొత్తం నిడివిని ఆక్రమించి ఉంటుంది. తమ పూర్వులు కావేరీపూంపట్టణం నుంచి వచ్చారనీ, అక్కడి ముంపు జ్ఞాపకంతోనే ఇళ్ళను ఎత్తయిన పునాదులమీద కట్టారనీ వారు చెప్పుకుంటారు.

ఇల్లు చూసేటప్పుడు వీధి అరుగు నుంచి మొదలుపెట్టి లోపలికి వరుసగా వెళ్ళండి. అరుగు, దాని వెనుక అతిథులను కూర్చోబెట్టే ముగప్పు, తరువాత ఆకాశం కనిపించే వళవు, దాని వెనుక భోజనాల కట్టు, చివరికి వంటిళ్ళ కట్టు. గోదావరి జిల్లాల మండువా లోగిళ్ళు చూసినవాళ్ళం కాబట్టి వళవు మనకు వింతగా ఉండదు. ఒకటి తరువాత ఒకటిగా అలాంటివి రెండు మూడు ఒకే ఇంట్లో ఉండడమే కొత్త. గోడలను చేతితో తాకి చూడండి, మండుటెండలో కూడా చల్లగా, అద్దంలా నున్నగా ఉంటాయి. గానుగ సున్నంలో కరక్కాయ, బెల్లం, కోడిగుడ్ల తెల్లసొన కలిపి పూతమీద పూత వేసి మెరుగు పెట్టిన పని అది. కప్పుమీది వాన నీరు వళవులోకి దిగి, అక్కడినుంచి బావికో తొట్టికో చేరే ఏర్పాటును పిల్లలకు దగ్గరుండి చూపించు. ఊరి నడుమ ఊరణి అనే మంచినీటి చెరువు కనిపిస్తుంది. వానలు అంతంతమాత్రమైన ఆ నేలమీద ఇన్ని ఊళ్ళు నిలబడింది ఈ నీటి పొదుపు వల్లనే. నాకు స్తంభాలకన్నా ఇదే గొప్పగా తోస్తుంది.

ఈ ఇళ్ళకు డబ్బు ఎక్కడిదని పిల్లలు తప్పక అడుగుతారు. ఉన్నదున్నట్టు చెప్పు. సింహళం, మలయా, అన్నిటికంటే ఎక్కువగా బర్మా. అక్కడి వరి రైతులకు అప్పులిచ్చి వడ్డీలు గడించారు. 1930 నాటి ఆర్థిక మాంద్యంలో బియ్యం ధర కూలిపోయి, అప్పులు తీరక రైతుల భూములు వీరి చేతికి వచ్చాయి. దిగువ బర్మాలోని ముఖ్యమైన వరి జిల్లాల భూమిలో వీరి వాటా 1930లో 6 శాతం ఉండగా 1938కల్లా 25 శాతానికి చేరింది. 1942లో జపాను సైన్యం రావడంతో అంతా వదిలి రావలసి వచ్చింది. ఆ కాలంలోనే కాకినాడ, విశాఖ రేవుల నుంచి ‘రంగం’ (బర్మాలోని రంగూన్) వెళ్ళి బియ్యపు మిల్లుల్లో, రేవుల్లో బస్తాలు మోసిన మనవాళ్ళ సంగతి కూడా అక్కడే చెప్పు. ఆ టేకు దూలాల వెనుక బర్మా రైతు కష్టంతోపాటు తెలుగు కూలీల కష్టం కూడా ఉందని పిల్లలకు తెలియాలి.

ఇక మర్యాద సంగతి. ఈ ఇళ్ళు ప్రదర్శనశాలలు కావు, కుటుంబాల ఆస్తులు. చాలా ఇళ్ళకు పదుల సంఖ్యలో వారసులున్నారు, వారు చెన్నైలోనో విదేశాల్లోనో ఉంటారు. పెళ్ళికో, షష్టిపూర్తికో, పొంగలికో వచ్చి తాళాలు తీస్తారు. రుసుము తీసుకుని చూపించే ఇళ్ళు కొన్నే, వాటిలో ఆత్తంగుడిలోని పెద్ద ఇల్లు బాగుంటుంది. కారైకుడిలో వేయి కిటికీల ఇల్లు వీధిలో నిలబడి చూసేదే. మరెక్కడైనా తలుపు తెరిచి కనిపిస్తే నేరుగా లోపలికి వెళ్ళకుండా కాపలా మనిషిని అడగండి, చూపించినందుకు కొంత చేతిలో పెట్టండి, చెప్పులు బయట వదలండి. పూజగది గడప దాటవద్దు, గోడమీది పెద్దల పటాలను అడగకుండా ఫోటో తీయవద్దు. ఇంటి పెద్దావిడ కనిపిస్తే ‘ఆచ్చీ’ అని పిలిచి నమస్కరించండి.

ఆత్తంగుడిలో పలకలు చేసే చోటికి తప్పక వెళ్ళండి. గాజుపలక మీద లోహపు అచ్చు పెట్టి, సిమెంటు కలిపిన రంగులను ఒక్కొక్క గడిలో పోసి, అచ్చు తీసి, పైన ఇసుక, సిమెంటు వేసి అదుముతారు. తరువాత నీళ్ళలో నానబెట్టి ఆరబెడతారు. కాల్చడమంటూ లేదు, గాజు నునుపే పలకకు వస్తుంది. కొత్త ఇంటికి ఏమైనా కొనాలనుకుంటే ఈ పలకలే కొనండి. కారైకుడిలో మునీశ్వరన్ కోయిల్ వీధి దుకాణాల్లో పాత ద్వారబంధాలు, స్తంభాలు, ఇత్తడి గంగాళాలు అమ్ముతారు. ఎన్నో పాత ఇళ్ళు కూల్చినప్పుడే ఆ ద్వారబంధాలు, స్తంభాలు అక్కడికి చేరతాయి. కొనేవారు పెరిగేకొద్దీ మరో ఇల్లు కూలుతుంది. వాటిని కొనవద్దని గట్టిగా చెబుతున్నాను. అమెరికాలోని మీ మరిదిగారికి పంపే ఆలోచన ఉంటే అసలే వద్దు. 1972 నాటి చట్టం ప్రకారం నూరేళ్ళు దాటిన కళాఖండాలను సొంతంగా దేశం దాటించడం నేరం. దానికి బదులు నేతవారి దగ్గర కండాంగి చీర, తాటాకు కొట్టాన్ బుట్ట తీసుకోండి.

భోజనం గురించి రెండు మాటలు. మన ఊరి హోటళ్ళలో చెట్టినాడు పేరుతో పెట్టే కారపు కోడికూరను మనసులోంచి తీసేయండి. మీ అత్తగారు శాకాహారి కనుక బెంగ అక్కర్లేదు; వెళ్ళై పణియారం, ఇడియాప్పం, బర్మా జ్ఞాపకంగా మిగిలిన కవుని నల్లబియ్యపు తీపి ఆవిడకు నచ్చుతాయి. హోటళ్ళుగా మార్చిన పాత ఇళ్ళలో అరిటాకు భోజనం కావాలంటే ముందురోజే చెప్పాలి.

రెండోరోజు సాయంత్రం తిరుమయంలో ముగించండి. ఒకే కొండరాతిలో శివుడికొక గుహ, శయనించిన విష్ణువుకొక గుహ. వైష్ణవాలయం ఆళ్వార్లు కీర్తించిన నూట ఎనిమిది దివ్యదేశాల్లో ఒకటి. అక్కడున్న కోట పైకి ఎక్కడం పిల్లలకు వదిలేయండి.

డిసెంబరు నుంచి ఫిబ్రవరి వరకు మంచి కాలం. వినాయక చవితి రోజుల్లో పిళ్ళైయార్‌పట్టిలో నిలబడే చోటు దొరకదు. మురుగన్ పండుగ తైపూసానికి ముందు నగరత్తార్లు కావడులు మోస్తూ కున్రక్కుడి నుంచి పళనికి నడిచి వెళ్తారు. ఆ రోజుల్లో వెళ్తే దారిలో వాళ్ళను చూడవచ్చుగాని, కారు నెమ్మదిగా పోతుందని లెక్కవేసుకోండి. మదురై నుంచైనా తిరుచ్చి నుంచైనా కారైకుడికి సుమారు 90 కిలోమీటర్లు. పల్లెల మధ్య బస్సులమీద ఆధారపడకుండా కారైకుడిలోనే స్థానిక డ్రైవరుతో కారు మాట్లాడుకోండి. ఏ ఇల్లు ఏ వారం తెరిచి ఉందో వాళ్ళకు తెలుస్తుంది. తేదీలు ఖాయం కాగానే నాకు రాయి. ఆ రోజుల్లో పండుగలేమైనా పడతాయేమో పంచాంగం చూసి చెబుతాను.

ఆశీస్సులతో,
మీ పెదనాన్న