నెల కుక్కపిల్లకు అప్పుడే స్నానం వద్దు తమ్ముడూ

నెల రోజుల కుక్కపిల్ల బురదలో పడి కంపు కొడుతోంది, డెట్టాల్ నీళ్లతో కడగొచ్చా అని అడిగావు. డెట్టాల్ వద్దే వద్దు. ఒళ్లు నాక్కుంటుంది కదా, కడుపులోకి పోతే విషం. మన సబ్బు, షాంపూ కూడా దాని చర్మానికి పడవు.

ఆ వయసు పిల్ల ఒంటి వేడిని తానుగా పూర్తిగా నిలుపుకోలేదు. అందులోనూ ఇప్పుడు కావలిలో ముసురు. ఎనిమిది వారాలు నిండేదాకా నిండా తడపకు. పాత పంచె ముక్కను గోరువెచ్చని నీళ్లలో ముంచి, గట్టిగా పిండి, ఒక్కో కాలూ తుడువు. వెంటనే పొడిగుడ్డతో అద్దు. వేళ్ల సందుల్లో ఎండిన బురదను లాగకు. తడిగుడ్డ కాసేపు అదిమి పట్టుకుంటే అదే నానుతుంది. తర్వాత ఒళ్లో పెట్టుకో. మా కుక్కపిల్లకు పొట్ట కింద తడి మిగిలిందని చూసుకోలేదు, రాత్రంతా వణికింది. ఆ టెన్షన్ నీకొద్దు.

గోమార్లు కనిపించినా డాక్టర్‌ను అడక్కుండా పౌడర్ చల్లకు. చిగుళ్లు తెల్లగా పాలిపోయి ఉంటే మాత్రం ఆ రోజే పశువుల ఆసుపత్రికి తీసుకెళ్లు.