ఇంట్లో ఉర్దూ వచ్చు, ఇంగ్లాండులో అక్కరకొస్తుందా?

కర్నూలు నుంచి ఒక తండ్రి అడిగారు: మా అమ్మాయి ఎమ్మెస్సీకి ఇంగ్లాండు వెళ్తోంది, చదువంతా తెలుగు మీడియం, ఇంట్లో మాత్రం ఉర్దూ. అక్కడ పాకిస్తాన్ వాళ్లు ఎక్కువ కదా, ఇంటర్‌ప్రెటర్‌గా పార్ట్‌టైమ్ చేస్తే ఫీజుకు ఆసరా అవుతుందా? ఖురాన్ చదువుతుంది కాబట్టి లిపి వచ్చినట్టే.

ముందు ఆ పార్ట్‌టైమ్ ఆశ వదిలేయండి సార్. కోర్టులకీ ఆసుపత్రులకీ వెళ్లే ఇంటర్‌ప్రెటర్లు ఎక్కువగా ఫ్రీలాన్స్, అంటే స్వయం ఉపాధి లెక్క, స్టూడెంట్ వీసా మీద అది కుదరదు (కన్సల్టెన్సీల వాళ్లు ఈ ముక్క చెప్పరు). చదువయ్యాక గ్రాడ్యుయేట్ వీసాకు మారితే చేసుకోవచ్చు.

అలాగని ఉర్దూకు పని లేదనుకోకండి. 2021 జనాభా లెక్కల్లో ఇంగ్లాండ్, వేల్స్‌లలో దాదాపు 2.7 లక్షల మంది తమ ప్రధాన భాష ఉర్దూ అని రాయించారు. కానీ బ్రాడ్‌ఫర్డ్, బర్మింగ్‌హామ్‌లలో చాలా కుటుంబాలు పాకిస్తాన్ ఆధీనంలోని కశ్మీర్‌లో ఉన్న మీర్‌పుర్ వైపు నుంచి, 1960ల్లో మంగ్లా డ్యామ్ కింద ఊళ్లు మునిగిన రోజుల్లో వలస వచ్చినవే, ఆ ఇళ్లలో పెద్దవాళ్లు మాట్లాడేది పహాడీ అనే వేరే భాష, ఉర్దూ బడిలో నేర్చుకున్న భాష. మన హైదరాబాదు, రాయలసీమ వైపు మాట్లాడే దక్కనీ ఉర్దూ ఆ కుటుంబాలకు కొత్త. నొప్పి ఎప్పట్నుంచి అని డాక్టరు అడిగితే మన హైదరాబాదు వైపు పేషెంటు "పర్సోఁ" అంటే అది పోయిన నెల కూడా కావచ్చు, కరాచీ ఆవిడ అంటే మాత్రం కచ్చితంగా మొన్నే. ఈ తేడా తెలియకుండా ఆసుపత్రిలో అడుగుపెట్టకూడదు.

ఇక లిపి సంగతి. ఖురాన్‌లో ప్రతి అక్షరానికీ జేర్ జబర్ (అచ్చు ధ్వనిని చూపే గుర్తులు) ఉంటాయి, ఉర్దూ పేపర్లో అవి ఉండవు, అక్షరాలు కూడా నస్తాలీఖ్ అనే రాతశైలిలో ఏటవాలుగా జారుతుంటాయి, పైగా ట, డ లాంటి అరబీలో లేని అక్షరాలు. అక్కడ ఈ పనికి బాగా విలువున్న డీపీఎస్ఐ (డిప్లొమా ఇన్ పబ్లిక్ సర్వీస్ ఇంటర్‌ప్రెటింగ్) అనే డిప్లొమాలో మాట్లాడటంతో పాటు ఉర్దూ నుంచి ఇంగ్లీషుకూ, ఇంగ్లీషు నుంచి ఉర్దూకూ రాతలో అనువదించాలి. చాలామంది మన పిల్లలు తడబడేది అక్కడే, నోటితో గడగడా చెప్పేస్తారు, పెన్ను ముందుకు పోదు.

టికెట్ బుక్ చేసేలోపు రోజూ హైదరాబాదు ఉర్దూ పేపరు సియాసత్‌లో ఒక వార్త పైకి చదివించండి, తర్వాత పేపరు మూసి అదే వార్త ఉర్దూలో చేత్తో రాయమనండి. పది లైన్లకు ఎంతసేపు పట్టిందో నెల తర్వాత నాకు రాయండి, డిప్లొమా ఫీజు కట్టాలా వద్దా అన్నది అప్పుడు మాట్లాడదాం.