పైనుంచి చూసే అంతరిక్ష జాతికి అడవిలోని మంత్రాల రాజ్యం కనపడదా?

మీ కథలో మంత్రాల రాజ్యం వాళ్ళు అంతరిక్ష జాతికి దొరక్కుండా అడవిలో దాక్కోవడం నమ్మేలా ఉంటుందా అని అడిగారు. ఉంటుంది. 1990 డిసెంబర్‌లో గెలీలియో నౌక గురుగ్రహానికి వెళ్తూ మన భూమికి 960 కిలోమీటర్ల దగ్గరగా వచ్చింది, గాలిలో ఆక్సిజన్, మీథేన్ పట్టుకుంది గానీ ఫోటోల్లో మాత్రం మనుషులు కట్టుకున్నవేవీ స్పష్టంగా తేలలేదు. మనల్ని పట్టిచ్చింది రేడియో సంకేతాలే.

కాబట్టి మీవాళ్ళు రేడియో వాడకుండా చెట్ల కింద ఉంటే చాలావరకు సేఫ్. లైడార్ (పైనుంచి లేజర్ కిరణాలు పంపి నేల ఆకారాన్ని కొలిచే పద్ధతి) దగ్గరే దొరికిపోతారు. ఆకుల సందుల్లోంచి నేలను తాకే ఆ లేజర్ కిరణాలతోనే గ్వాటెమాలా అడవి కింద 60,000కు పైగా మాయా నాగరికత కట్టడాలు బయటపడ్డాయని 2018లో ప్రకటించారు. నన్నడిగితే తొలి పరిచయం అక్కడే పెట్టండి: తెరమీద చెట్లు చెరిగిపోయి, మెట్లు, గోడలు, ఈమధ్యే తవ్విన కాలువ.